గజరాజుకూ లంకకాయకూ జరిగిన పోలిక

(ఏడో స్తంభం మిద్దెతోటల పోలిక సంఘం కార్యదర్శి తాడినాడ భావనారాయణ నమోదులు)

పీఠిక

పోలిక అనేది ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు. రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి చూసినంత మాత్రాన అవి పోల్చబడినట్టు కాదు; అలా చూడడాన్ని చూడడం అంటారు. పోలికకు ముందుగా ఒక సంఘం ఉండాలి. సంఘానికి ఒక అధ్యక్షుడు, అధ్యక్షుడికి ఒక కుర్చీ, ఆ కుర్చీకి ఎడమవైపున కార్యదర్శి కూర్చోవడానికి ఒక పీట ఉండాలి. వస్తువులు ఆ తరువాత వస్తాయి. వస్తువులు రాకపోయినా పోలిక ఆగకూడదన్నది మా నిబంధనావళిలోని మొదటి వాక్యం.

నమోదు రాసేవాడు తాను చూసినదే రాయాలి. తాను అనుకున్నది రాయకూడదు. ఒకవేళ బాధపడినట్టయితే ఆ సంగతిని వేరే కాగితం మీద రాసుకుని, చించి, సముద్రంలో వేయాలి. మా స్తంభానికి, అంటే నీళ్ళలోంచి లేచిన మా అంతస్తుల మేడకు, నాలుగు వైపులా సముద్రమే కనుక ఇందులో ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఈ నమోదులను అధ్యక్షులు గోళ్ళమూడి శరభయ్య గారు చదివి ఆమోదించారు. ఎక్కడైనా వెటకారం ఉన్నట్టు తోస్తే అది చదివేవారి దృష్టిదోషమని భావించాలి.

నమోదు 1

ఉదయం ఆకుల మీది ఉప్పు తుడిచే కార్యక్రమం సక్రమంగా జరిగింది. స్తంభవాసులందరూ తడిగుడ్డలతో బాల్కనీల్లోకి వచ్చి, రాత్రి గాలి మోసుకొచ్చిన ఉప్పును ఒక్కో ఆకు మీది నుంచీ పసిపిల్ల చెంప తుడిచినట్టు తుడిచారు. తరువాత పైకప్పు మీది మంచువలలు పట్టిన నీటిని గొట్టంలోకి వదిలాము. తరువాత ఝుంకారం. పూర్వం తేనెటీగలు అనే పురుగులు ఈ పనిని ఎవరూ చెప్పకుండానే చేసేవట. ఇప్పుడు ఇంటింటికీ ఒక ఝుంకార కర్ర ఇచ్చాము. మీట నొక్కితే కర్ర వణుకుతుంది, పూలగుత్తికి ఆనిస్తే పుప్పొడి రాలుతుంది, పిందె పడుతుంది.

నాలుగో అంతస్తు నైరుతి బాల్కనీలో ఉండే నాంచారమ్మ ఒక్కతే కర్ర ముట్టుకోలేదు. ఆమె పూలగుత్తులను చూపుడువేలితో టపీమని కొట్టుకుంటూ పోయింది. నాంచారమ్మ నాకు మేనత్త. మా అమ్మ పోయాక నన్ను పెంచినది ఆవిడే. ఈ బంధుత్వం పోలికను ఏ దశలోనూ ప్రభావితం చేయలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

మధ్యాహ్నం సభలో అధ్యక్షులు మెరక విత్తన సంస్థ నుంచి వచ్చిన ఆదేశాన్ని చదివారు. మెరక అంటే నీళ్ళు ఎక్కని ఎత్తు నేల. ఏటేటా మాకు విత్తనాల పడవ అక్కడినుంచే వస్తుంది. స్తంభానికి నీటి గొట్టం ఒక్కటే, దాన్ని తెరిచే వేళలూ ఒక్కటే. కనుక ఒక స్తంభంలో ఒకే రకం టమాటా ఉండాలి. ఉన్న రెండు రకాలను పోల్చి, గెలిచినదాన్ని నిలిపి, ఓడినదాన్ని పీకి, దాని మట్టిని గెలిచినదాని కుండీలకు పంచాలి.

మొదటి రకం గజరాజు. సంస్థ వారి సంకరజాతి. స్తంభంలో ఒక్క ఇల్లు తప్ప అందరూ పెంచేది అదే. గుండ్రంగా, ఎర్రగా, పిల్లల బంతి అంత ఉంటుంది. లోపల గింజలు ఉండవు. తెల్లటి పొట్టు ఉంటుంది. అందువల్ల ఏటేటా పడవ కోసం ఎదురుచూసే క్రమశిక్షణ మాకు అలవడింది.

రెండో రకం లంకకాయ. పెంచేది నాంచారమ్మ ఒక్కతే. కృష్ణ ఒడ్డు లంకలు మునిగిపోయే రోజున వాళ్ళ తాత పడవలో మట్టితో పాటు తెచ్చుకున్న నాటు రకం. పరిమాణంలో గజరాజుకు తీసిపోదు. రూపంలో మాత్రం ఎవరో కూర్చుని లేచిన తలపాగాలా ఉంటుంది. భుజాల దగ్గర ఆకుపచ్చగానే ఉండి, తొడిమ చుట్టూ పగిలి, ఒంటినిండా మడతలతో ఏ ప్రమాణానికీ లొంగదు. కాయంత కాయలో గింజలు పిడికెడైనా ఉండవు, అంతా కండే. ఈ ఉప్పుగాలిలో ఆ గింజలు దాచిపెడితే చచ్చిపోతాయి. అందుకని ఆవిడ ఏటేటా ఒక కాయను విత్తనానికి వదిలి, ఆ ఏడే మళ్ళీ విత్తుతుంది.

సభలో నాంచారమ్మ లేచి నిలబడింది.

"ఒరే భావనారాయణా, ఇది ఓడిందనుకో, మళ్ళీ తెచ్చుకోవడానికి ఎక్కడుందిరా? ఆ లంకలు నీ కాళ్ళ కింద పదిబారల లోతున ఉన్నాయి."

"ఓడినప్పటి సంగతి ఓడినప్పుడు చర్చకు వస్తుందండీ" అన్నారు అధ్యక్షులు. "ఇప్పుడు చర్చించడం పోలికకు భంగం."

"మరి గెలిస్తే?"

"గెలుపు గురించి ముందే మాట్లాడ్డం అహంకారం."

"అంటే ఇంటికెళ్ళి పడుకోమంటావు."

"అది నిబంధనలకు లోబడే ఉంది" అన్నారు అధ్యక్షులు. సభ ముగిసింది.

నమోదు 2

పోలికలో సమానత్వం ముఖ్యం కనుక రెండు రకాలకూ సమానంగా పూటకొకసారి నీళ్ళు ఇవ్వాలని తీర్మానించాము. గజరాజుకు పూటకొకసారి నీళ్ళు కావాలి. లంకకాయకు అలా పోస్తే పగులుతుంది. అయితే ఈ రెండో వాక్యం ఒక రకం పట్ల పక్షపాతం కలిగి ఉన్నందున దాన్ని పరిగణించలేదు.

నాంచారమ్మ కుండీకి గొట్టం బిగించడానికి నేనే వెళ్ళాను.

"పొయ్యమాకురా నాయనా" అంది ఆవిడ, నా చెయ్యి పట్టుకుని. "దీనికి దాహం వెయ్యాలి. ఆకు వాలి, బతిమాలితే, అప్పుడు పొయ్యాలి. అప్పుడే తీపి పట్టుద్ది."

"అత్తా, రెంటికీ ఒకటే కొలత."

"నిన్నూ నీ తమ్ముణ్ణీ ఒకే కొలతతో పెంచానంట్రా? వాడికి అరగదని మజ్జిగన్నం, నీకు ఆకలాగదని తెల్లారే చద్దన్నం. ఒకే కొలతైతే ఒకడు పోయేవాడు, ఒకడు వాంతి చేసుకునేవాడు."

నేను గొట్టం బిగించాను. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుంది.

నమోదు 3

లంకకాయలు పగలడం మొదలుపెట్టాయి. పగుళ్ళను కొలబద్దతో కొలిచి పట్టికలో నింపాను. గజరాజు కాయల్లో పగుళ్ళు లేనందున ఆ గడిలో "సంతృప్తికరం" అని రాశాను.

ఇంటికి వచ్చాక ఆ పట్టికను నా భార్య హైమ చూసింది. అన్నం వడ్డిస్తూ అడిగింది:

"ఏవండీ, చేపను చెట్టెక్కించి, ఎక్కలేకపోయిందని మార్కులు తగ్గిస్తారా మీరు?"

"చెట్టు ఎక్కడం ప్రమాణమైతే తగ్గించాల్సిందే."

"ప్రమాణం ఎవరు పెట్టారు?"

"సంఘం."

"సంఘంలో ఎవరున్నారు?"

"శరభయ్య గారు, నేను."

"కుర్చీ, పీట" అంది హైమ. ఆ పూట పచ్చడి గిన్నె నావైపు జరపలేదు.

నమోదు 4

మూడు పరీక్షలు జరిగాయి. బరువులో రెండూ ఇంచుమించు సమానం. అయితే లంకకాయ పగుళ్ళలోంచి రసం కారి తూకపు పళ్ళెం మీద పడింది. కాయ వెలుపలికి వచ్చిన బరువును కాయ బరువుగా లెక్కించకూడదని అధ్యక్షులు తీర్పునిచ్చారు. గుండ్రదనం పరీక్షలో రెండు కాయలనూ నున్నటి బల్ల మీద దొర్లించాము. గజరాజు అవతలి చివరకు చేరింది. లంకకాయ ఉన్నచోటే పక్కకు ఒరిగి ఆగింది. మెరుపు పరీక్షలో అధ్యక్షులు తమ ముఖాన్ని గజరాజు తొక్కలో చూసుకుని, మీసం సర్దుకున్నారు. లంకకాయలో ముఖం కనబడలేదు.

చివరిది రుచి. నిబంధన ప్రకారం నిల్వ పరీక్ష పూర్తయిన తరువాతే రుచి పరీక్ష జరగాలి. కనుక రెండు కాయలనూ బల్ల మీద ఉంచి, వాటిలో ఒకటి మెత్తబడేదాకా వేచి ఉండాలి. మెత్తబడింది ఏదో రాయనక్కర లేదు.

నమోదు 5

ఈ రోజు రుచి పరీక్ష. తీర్పరులు ఇద్దరు: అధ్యక్షులు, నేను. లంకకాయ తొక్క ముడతలు పడి, రెండు చోట్ల కందిపోయి ఉంది. నాంచారమ్మ తన మొక్కలకు కుళ్ళకుండా మిగిలిన కాయ అదొక్కటేనని, విత్తనానికి వదిలినది కూడా అదేనని, మిగతావన్నీ నీళ్ళకు పగిలి పిందెల్లోనే కుళ్ళాయని సభకు విన్నవించింది. ఆవిడ ఒక స్టీలు గిన్నె తెచ్చుకుని మా ఇద్దరి మధ్య పెట్టింది.

"తినండి నాయనా, కడుపారా తినండి. గింజలు మాత్రం ఇందులో ఊసెయ్యండి. నాకు మార్కులొద్దు, ఏమీ వద్దు. గింజలు చాలు."

అధ్యక్షులు నావైపు చూశారు. నేను నిబంధనావళి తెరిచి చదివాను: "తీర్పరి నమూనాను సాంతం మింగవలెను. ఉమ్ముట నమూనా పట్ల తిరస్కారముగా భావింపబడును."

"ఒరేయ్" అంది నాంచారమ్మ.

మేము సముద్రపు నీటితో పుక్కిలించి, మొదట గజరాజు ముక్క తిన్నాము. తడిగా ఉంది. తరువాత లంకకాయను సగం సగం పంచుకుని తిన్నాము. తింటున్నప్పుడు నాకు ఏదీ గుర్తుకు రాలేదని ధ్రువీకరిస్తున్నాను. గుర్తుకు రానివాటిలో వేడి అన్నం, మట్టి చట్టిలో కలిపిన ఉప్పు, పచ్చిమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్న నన్ను చూసి ఎవరో నవ్విన నవ్వు ఉన్నాయి. అధ్యక్షులు కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. గొంతు కదిలింది. వేళ్ళు నాకి, తుడుచుకుని, కళ్ళు తెరిచి తీర్పు చెప్పారు:

"రుచి ప్రమాణాన్ని మించింది. ప్రమాణాన్ని మించడమూ ప్రమాణభంగమే."

సున్నా వేశాము. నాంచారమ్మ ఖాళీ గిన్నె తీసుకుని, కొంగుతో తుడిచి, చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

నమోదు 6

ఇందులోని విషయం పోలికకు సంబంధించినది కానందున తొలగించడమైనది. (హైమ నాతో మాట్లాడడం మానేసింది.)

నమోదు 7

ఓడిన రకాన్ని పీకే కార్యక్రమం ప్రశాంతంగా జరిగింది. మొక్కలనూ పగిలిన కాయలనూ ఉడుకు తొట్టిలో వేసి, గింజలేవైనా ఉంటే చచ్చేదాకా ఉడికించాము. మట్టిని జల్లించి ఇంటింటికీ దోసెడు చొప్పున పంచాము. మా ఇంటి వాటాను హైమ తీసుకోలేదు. దాన్ని మూట కట్టి, నాలుగో అంతస్తుకు వెళ్ళి, నాంచారమ్మ గుమ్మంలో పెట్టి వచ్చింది. ఇది నిబంధనకు విరుద్ధం. నేను చూడలేదు కనుక నమోదు చేయడం లేదు.

లంకకాయ ఈ లోకంలో లేదన్న ధ్రువపత్రం మీద అధ్యక్షులు సంతకం చేశారు. విజేతకు గౌరవసూచకంగా ఒక గజరాజు కాయను అద్దాల పెట్టెలో పెట్టి సభామందిరంలో ఉంచాము.

నమోదు 8

విత్తనాల పడవ రాలేదు.

గజరాజు మొక్కలు ముసలివై, కింది ఆకులు రాలుస్తున్నాయి. ఇది ఏటా జరిగేదే. ఈపాటికి కొత్త విత్తనాలు కుండీల్లో పడాలి. స్తంభవాసులు పైకప్పు ఎక్కి మెరక దిక్కుకు చూస్తున్నారు. చూడడం వల్ల పడవ త్వరగా రాదని నోటీసు అంటించాము.

నమోదు 9

పడవ వచ్చింది. అందులో విత్తనాలు లేవు. ఒక మనిషి, ఒక ప్రకటన ఉన్నాయి. మెరక విత్తన సంస్థ తన టమాటా విభాగాన్ని మూసివేసిందని, గజరాజు రకాన్ని ఉపసంహరించుకుందని, ఇన్నాళ్ళూ ఆదరించినందుకు ధన్యవాదాలని ఆ మనిషి చదివాడు.

"మరి ఒకే రకం ఉంచమన్నారు గదండీ మీరు?" అని అధ్యక్షులు అడిగారు.

"అవునండీ. ఆ ఒక్కటీ ఇప్పుడు లేదండీ" అన్నాడు ఆ మనిషి చాలా మర్యాదగా.

కొందరు గజరాజు కాయలను కోసి, లోపలి తెల్లపొట్టును మట్టిలో వేసి, ఉదయమూ సాయంత్రమూ నీళ్ళు పోస్తున్నారు. ఎనిమిదో అంతస్తు వారు ఝుంకార కర్రను ఖాళీ మట్టికి ఆనించడం కనిపించింది. ఈ ప్రయత్నాలను సంఘం నిరుత్సాహపరచలేదు. ఎండుచేపల పులుసులో పులుపు లేదని, పిల్లల చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని వైద్యశాల నుంచి వార్త వచ్చింది. ఇది టమాటాల పోలికకు సంబంధించిన విషయం కాదు.

అద్దాల పెట్టెలోని గజరాజు మాత్రం చెక్కుచెదరలేదు. మెరుస్తూనే ఉంది.

నమోదు 10

కింది అరుగు నుంచి ఒక సమాచారం అందింది. కింది అరుగు అంటే స్తంభం మొదట్లో, అలలకు కాస్త పైన, మరుగుదొడ్ల నుంచి వచ్చే మురుగును ఎండబెట్టే చోటు. అక్కడ ఎవరూ ఏదీ విత్తరు. అక్కడికి వెళ్ళాల్సి వస్తే ముక్కు మూసుకుని వెళ్తారు.

నేను, అధ్యక్షులు ముక్కులు మూసుకుని వెళ్ళాము. నాంచారమ్మ అప్పటికే అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. హైమ ఆవిడ పక్కన నిలబడి ఉంది. ఎండి నెర్రెలిచ్చిన మురుగు మధ్య నాలుగు టమాటా మొక్కలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. అందులో ఒకదానికి అప్పుడే పిందె. పిందెకు భుజాల దగ్గర మడతలు ఉన్నాయి.

నాంచారమ్మ లేవలేదు. మా ఇద్దరివైపూ మార్చి మార్చి చూసింది. తరువాత ఆవిడకు నవ్వు వచ్చింది. పళ్ళులేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా ఊగేలా నవ్వింది.

"మీ ఇద్దర్లో ఎవరి పుణ్యమోగానీ" అంది. "ఉమ్మమంటే ఉమ్మలేదు. మింగారు. మింగినోళ్ళు చివరికి ఎక్కడో అక్కడ దించుకోకుండా ఉంటారా!"

"అత్తయ్యా, పెద్దమనుషులు" అంది హైమ.

"అందుకేనే మొక్కలు ఇంత ఏపుగా ఉన్నాయి."

టమాటా గింజ మనిషి కడుపులో చావదని నాంచారమ్మ వివరించింది. లంకల్లో ఉన్న రోజుల్లో పొలం గట్ల వెంబడి ఎవరూ వేయకుండా టమాటా మొక్కలు వచ్చేవని, వాటిని చూసి ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఊళ్ళో చెప్పుకుని నవ్వుకునేవారని వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. అధ్యక్షుల ముఖం గజరాజు రంగుకు మారింది.

నిబంధనావళి ఇలా అంటుంది: "విత్తనమును భూమికి చేర్చినవాడే మొక్కకు యజమాని." అదే నిబంధనావళి ఇలా కూడా అంటుంది: "గెలుపు ధ్రువపత్రము పొందని రకమును విత్తినవాడు సంఘములో పదవికి అనర్హుడు." ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివితే, ఆ నాలుగు మొక్కలు నిలబడి ఉన్నంత కాలం సంఘంలో ఇద్దరూ అనర్హులే. సంఘంలో ఉన్నది ఇద్దరమే.

నమోదు 11

అత్యవసర సభ. స్తంభవాసులందరూ వచ్చారు. అందరి చేతుల్లోనూ ఖాళీ కుండీలున్నాయి. ఎవరూ తెమ్మని చెప్పలేదు.

హైమ మాట్లాడడానికి అనుమతి కోరింది. నేను అధ్యక్షుల వైపు చూశాను. ఆమె అనుమతి కోసం ఆగలేదు.

"గజరాజు లేదు. అది మళ్ళీ రాదని ఆ పడవ మనిషి మర్యాదగానే చెప్పాడు. ఉన్నవి ఆ నాలుగు మొక్కలే. ఒక్క కాయ ముదిరి పండిందంటే దాని గింజలతో వచ్చే ఏడు పది ఇళ్ళకు వస్తుంది, ఆ పై ఏడు అందరికీ. మా అత్తయ్యకు ఎట్లా పెంచాలో తెలుసు. నిలపడానికి మీకు అడ్డమేమిటి?"

జనం ఔనన్నారు. కొందరు గట్టిగా అన్నారు. అధ్యక్షులు నన్ను నిబంధన చదవమన్నారు. చదివాను.

"పోలికలో గెలవని రకమును స్తంభములో నిలుపరాదు."

"అయితే మళ్ళీ పోల్చండి" అని ఎవరో అరిచారు.

నేను తరువాతి వాక్యం చదివాను. "పోలికకు ఎదుగుచున్న రెండు రకములు ఉండవలెను."

నాంచారమ్మ అడిగింది, నన్నే చూస్తూ.

"అంటే ఒంటరిగా మిగిలింది గాబట్టి చావాలంటావు."

"పోల్చడానికి రెండోది లేదు, అత్తా."

"రెండోది చస్తేగదరా ఇది మిగిలింది?"

నిబంధనావళిలో ఈ ప్రశ్నకు సమాధానం లేదు. అద్దాల పెట్టెలోని గజరాజును రెండో రకంగా లెక్కించమని ఎనిమిదో అంతస్తు వారు కోరారు. అది ఎదుగుచున్నది కాదు, ప్రదర్శనలో ఉన్నది మాత్రమే అని అధ్యక్షులు తేల్చారు. ఓటు అడిగాము. ఓటు వేసే అర్హత సంఘ సభ్యులకే ఉంది. రెండు చేతులు లేచాయి. వాటిలో ఒకటి నాది.

చెయ్యి దించాక చూస్తే హైమ నన్నే చూస్తోంది. కోపంగా కాదు. బజారులో తెలిసిన మనిషి అనుకుని దగ్గరకు వచ్చి, కాదని తెలిశాక చూసినట్టు.

నమోదు 12

మొక్కలను పీకే కార్యక్రమం సాంకేతిక కారణాల వల్ల వాయిదా పడుతూ వచ్చింది. గునపం కనబడలేదు. కనబడినప్పుడు దాని పిడి లేదు. పిడి దొరికేనాటికి కాయ పండింది.

ఈ రోజు ఉదయం, ఉప్పు తుడవడానికి ఆకులేవీ లేనందున అందరూ తీరిగ్గా ఉన్నప్పుడు, మేము కింది అరుగుకు వెళ్ళాము. హైమ, నాంచారమ్మ మొక్కలకు అడ్డంగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనక రేవుమెట్టుకు మూడో స్తంభం వారి చేపల పడవ ఒకటి కట్టి ఉంది. మూడో స్తంభంలో పోలిక సంఘం లేదు. అక్కడ మనుషులు ఏది పడితే అది పెంచుకుంటారని, నియమమనేది లేకుండా నవ్వుతారని విన్నాను.

"లేవండమ్మా" అన్నారు అధ్యక్షులు. "కాయ సహా మొక్కలను ఉడుకు తొట్టికి పంపాలి."

హైమ లేచింది. వంగి, కాయను తెంపింది. అది రెండు చేతుల్లోనూ పట్టనంత ఉంది, మడతలు మడతలుగా, తొడిమ దగ్గర ఆకుపచ్చగా. ఈసారి పగలలేదు. అక్కడ దానికి ఎవరూ సమానంగా నీళ్ళు పోయలేదు.

"ఇటివ్వండి" అన్నారు అధ్యక్షులు, చెయ్యి చాపి.

హైమ కాయను కొరికింది. రసం ఆమె మోచేతుల దాకా కారింది. నాంచారమ్మ "నెమ్మదే, పొలమారుద్ది" అంటూ వీపు నిమిరింది. హైమ ఆగకుండా తింది. తొక్క, కండ, గింజలు, అన్నీ. చేతుల మీది రసాన్ని కూడా వదలలేదు. మధ్యలో ఒకసారి కళ్ళు మూసుకుంది. తెరిచి, చివరి ముక్క మింగి, చెంగుతో మూతి తుడుచుకుంది.

"సాంతం మింగాను, కార్యదర్శి గారూ. ఉమ్మలేదు. నిబంధన ప్రకారమే."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నన్ను కార్యదర్శి గారూ అని పిలవడం అదే మొదటిసారి. అధికార హోదాతో సంబోధించినందుకు ఆక్షేపించడానికి ఏమీ లేదు.

"భావనారాయణ గారూ!" అన్నారు అధ్యక్షులు. "ఆవిడ కడుపులో ధ్రువపత్రం లేని రకం ఉంది. ఏదో ఒకటి చెయ్యండి!"

"ఏం చెయ్యమంటారండీ?"

"నిబంధన చూడండి!"

నేను నిబంధనావళి తెరిచాను. గాలికి పుటలు కొట్టుకుంటున్నాయి. నేను వెతుకుతూ ఉండగానే హైమ నాంచారమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆవిడ చంకలో స్టీలు గిన్నె, నెత్తిన మట్టి మూట ఉన్నాయి.

పడవలో అడుగుపెడుతూ నాంచారమ్మ వెనక్కి తిరిగింది.

"నువ్వు కూడా రారా. నీకూ పెడతాను. తిండికేం లోటు లేదు."

ఆహ్వానం మౌఖికంగా ఉంది. లిఖితపూర్వకంగా లేదు. నేను అక్కడే నిలబడ్డాను.

హైమ తెడ్డు అందుకుంది. ఆమెకు తెడ్డు వేయడం వచ్చునని నాకు తెలియదు. నియమం ప్రకారం నేను ఆమె ఉదరాన్ని తనిఖీ చేయవలసి ఉంది. అయితే సదరు స్థలం పడవ ఎక్కి వెళ్ళిపోయినందున తనిఖీ జరగలేదు.

మొక్కలను పీకాము. ఉడికించాము.

నమోదు 13

ఈ ఏటి వార్షిక పోలిక నిర్ణీత సమయానికే జరిగింది. వస్తువులు రాకపోయినా పోలిక ఆగకూడదు. టమాటాలు లేనందున ఖాళీ కుండీలను పోల్చాము. ప్రేక్షకులు రాలేదు. చాలామంది తమ కుండీలను పడవల్లో పెట్టుకుని మూడో స్తంభం వైపు వెళ్ళినట్టు తెలిసింది. చూడడానికి పైకప్పు ఎక్కవలసి ఉంటుంది. ఎక్కలేదు.

బరిలో రెండు కుండీలున్నాయి. ఒకటి శరభయ్య గారిది, ఒకటి మా ఇంటిది. అధ్యక్షుల కుండీలో అడుగున కాస్త మట్టి, ఎండిన వేరు ఒకటి కనబడ్డాయి. మా ఇంటి కుండీలో మట్టి కూడా లేదు. హైమ ఎప్పుడు తీసుకువెళ్ళిందో నేను గమనించలేదు. రెంటిలో నాదే ఎక్కువ ఖాళీ అని తీర్పు వచ్చింది. అధ్యక్షులు నాకు కరచాలనం చేశారు. గజరాజును అద్దాల పెట్టెలోంచి తీసి బహుమతిగా ఇచ్చారు. ఇంటికి తెచ్చి, పీట వేసుకుని, కోసుకుని తిన్నాను. తడిగా ఉంది.

సాయంత్రం సభలో, జరిగిన అక్రమాలు పునరావృతం కాకుండా ఉండేందుకు, ఉన్న ఇద్దరు సభ్యులమూ ఏకగ్రీవంగా ఈ కింది నియమాన్ని ఆమోదించాము. నేనే రాశాను, నేనే చదివాను:

"స్తంభవాసుల ఉదరములు ఇకమీదట సంఘపు భూమిగా పరిగణింపబడును. పోలికలో గెలవని ఏ రుచినైనను అందు ఉంచుకొనుట, జ్ఞాపకముంచుకొనుట, లేదా స్తంభము వెలుపలికి తరలించుట నిషిద్ధము. ఇప్పటికే తరలిపోయిన ఉదరములు తనిఖీ నిమిత్తము వెంటనే ఇంటికి తిరిగి రావలెను. ఈ నియమము తుదిది."